ఆరేళ్ల జెల్డాల్ మెషీన్: '40 ఎంఎల్' అన్నంత మాత్రాన పడినట్టు కాదు

భీమవరం దగ్గర రొయ్యల మేత మిల్లు ల్యాబ్‌లో ఆరేళ్లుగా, నైట్రోజన్ కొలిచి దాన్నుంచి ప్రొటీన్ లెక్క తేల్చే ఈ సెమీ ఆటోమేటిక్ డిస్టిలేషన్ యూనిట్ వాడుతున్నాను. 1883లో డెన్మార్క్‌లో ఒక బీరు కంపెనీ ల్యాబ్‌లో పనిచేసిన కెల్‌డాల్ గారి పద్ధతి, మా నోళ్లలో పడి జెల్డాల్ అయింది.

కొత్తలో నాకు తెగ నచ్చింది, శాంపిల్లోని నైట్రోజన్‌ని అమ్మోనియాగా బయటికి తెచ్చే కాస్టిక్ దానంతటదే పడటం. అంతకుముందు నలభై శాతం కాస్టిక్ సోడా చేత్తో పోసేవాళ్లం. నా మణికట్టు మీద మచ్చ అప్పటిదే. ఇక్కడ బటన్ నొక్కితే తెర మీద '40 ఎంఎల్' అని వస్తుంది. కనిపించినవాళ్లందరికీ చెప్పాను.

మూడో ఏడు డిసెంబరులో ఒకరోజు గేటు దగ్గర సోయా డీఓసీ (నూనె తీసేసిన సోయా చెక్క) లారీ ఆగి ఉంది. ఎప్పుడూ 46 శాతం ప్రొటీన్ వచ్చే సరుకు. అర గ్రాము శాంపిల్‌కి, వచ్చిన అమ్మోనియాని కొలిచే యాసిడ్ బ్యూరెట్‌లో (గీతల గాజు గొట్టంలో) 26 ఎంఎల్ దాకా దిగాలి. 22కే ఆకుపచ్చ రంగు పోయి గులాబీ వచ్చేసింది. లెక్కేస్తే 38.5. మళ్లీ చేస్తే 41, ఇంకోసారి 35. సరుకు పంపినాయన ఫోన్లో "ఏంటండీ, మేం తవుడు కలిపామంటారా?" అని గొడవ. వెనక మేనేజర్. ఆ టెన్షన్‌లోనే యాసిడ్ నార్మాలిటీ (గాఢత) చూశాను, గాస్కెట్ మార్చాను. తేడా లేదు.

చివరికి పట్టించింది మైలుతుత్తం. డైజెషన్‌లో, అంటే శాంపిల్‌ని ముందుగా యాసిడ్‌లో మరిగించేటప్పుడు, దాన్ని వేస్తాం కాబట్టి, కాస్టిక్ సరిపడా పడితే ట్యూబ్ ముదురు నీలమై, ఆవిరికి నల్లబడుతుంది. ఆరోజు లేత నీలం దగ్గరే ఉండిపోయింది. వెనక మూత విప్పితే కాస్టిక్ గొట్టం జాయింటులో తెల్లగా గడ్డ! పంపు ఎన్ని సెకన్లు తిరిగిందో చూసి అంకె వేస్తుందట. ఎంత పడిందో దానికి తెలీదు. వేడినీళ్లతో కడిగాక అదే సరుకు 46.2. ఆయనకి ఫోన్ చేసి సారీ చెప్పాల్సింది నేనే.

ఇప్పుడు సాయంత్రం ఆపేముందు గొట్టాల్లో నీళ్లు తిప్పుతాను. ప్రతి సోమవారం, నైట్రోజన్ ఎంతుందో ముందే తెలిసిన అమ్మోనియం సల్ఫేట్ పెట్టి, 21.2 శాతం దగ్గర వచ్చాకే మిగతా శాంపిల్స్.

కొనొచ్చా అంటే, రోజుకి పదికి పైగా శాంపిల్స్ చేసే మాకు ఇది లేకుండా గడవదు. వారానికి రెండు మూడైతే గాజు సెట్టు చాలు. యూరియా కలిపితే మాత్రం అందులోనూ నైట్రోజన్ ఉంటుంది కాబట్టి, ఇది దాన్ని కూడా ప్రొటీన్ అనే చూపిస్తుంది. 2008లో చైనా పాలల్లో కలిపిన మెలమైన్ అనే నైట్రోజన్ రసాయనం ఇలాగే దాటిపోయింది. యూరియాకి మేం వేరే టెస్టు పెట్టుకున్నాం. శాంపిల్‌ని కాల్చి నైట్రోజన్ కొలిచే డ్యూమాస్ మెషీన్‌లో ప్రొటీన్ లెక్క కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది, యాసిడ్ పొగ కూడా ఉండదు. కానీ మేం చూసిన మోడల్‌కి హీలియం సిలిండర్ కావాలి, అది మా ఊళ్లో దొరకదు.