విండోస్ 10లోనే ఉండాలా, 11కు మారాలా, లినక్స్‌కు వెళ్లాలా: ఏది మేలు?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. మర్నాడు ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. ఎప్పటిలాగే తెరుచుకుంది, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. "బాగానే నడుస్తోంది కదా, ఎందుకు కదిలించడం?" అని మా అన్నయ్య అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ బాగా నడవడం వేరు, భద్రంగా ఉండడం వేరు.

2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని చుట్టేసింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల కంప్యూటర్లు తాళం పడిపోయి, రోగుల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్ ఇచ్చింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేకుండానే అది నెట్‌వర్క్ గుండా ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి పాకింది. "నేను జాగ్రత్తగానే ఉంటాను" అన్న ధీమా అందుకే చాలదు. ఇంకో సంగతి: విండోస్ 10, 11 లోపలి కోడ్‌లో ఉమ్మడి భాగం చాలా ఉంది. 11కు ఒక లోపం సరిచేసిన ప్రతిసారీ, అదే లోపం 10లో ఎక్కడ ఉందో వెతకడానికి దాడిచేసేవాళ్లకు దారి దొరుకుతుంది. కాబట్టి ఏ అప్‌డేటూ లేని విండోస్ 10ను ఇంటర్నెట్‌కు కలిపి వాడుతూ పోవడాన్ని నేను ఒక దారిగానే లెక్కపెట్టను.

అలాగని 10ను వెంటనే వదిలేయక తప్పదని కాదు. ఈఎస్‌యూ అనే పొడిగింపు పథకం ఉంది. గృహ వినియోగదారులకు 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులను బ్యాకప్ చేసుకుంటే డబ్బు కట్టకుండానే చేరవచ్చు. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆ లింకు కనిపిస్తుంది. ఇందులో కొత్త సదుపాయాలేవీ రావు, భద్రత మాత్రమే. ఇది ఊపిరి తీసుకోవడానికి దొరికే గడువు. పరీక్షల మధ్యలోనో, సగంలో ఉన్న పనితోనో ఉన్నవాళ్లు ముందు ఇందులో చేరి, తీరికగా ఆలోచించుకోవచ్చు.

ఇక విండోస్ 11. అర్హత ఉన్న యంత్రానికి ఇది ఉచితం. ప్రోగ్రాములు, ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టే ఉండగా పైనుంచి ఎక్కించవచ్చు. చిక్కంతా అర్హత దగ్గరే. 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ అనేవి కాగితం మీది లెక్కలు. 4 జీబీతో 11 నడుస్తుందే గానీ, బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే ఆయాసపడుతుంది. నా మాటగా కనీసం 8 జీబీ ఉండాలి. అసలు గేటు వేరే ఉంది: ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం, ఏఎండీ అయితే రైజెన్ 2000 శ్రేణి, లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. పైగా టీపీఎం 2.0, కంప్యూటర్ తెరుచుకునేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ కావాలి. తాళపుచెవుల్లాంటి రహస్య సంకేతాలను మిగతా కంప్యూటర్‌కు దూరంగా దాచిపెట్టే భాగమే టీపీఎం.

అన్నయ్య కంప్యూటర్‌లో 11కు అర్హత ఉందో లేదో చూసే మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ నడిపితే, అర్హత లేదని వచ్చింది. ప్రాసెసర్ ఎనిమిదో తరానిదే. మరి ఎందుకు? రీస్టార్ట్ చేసి, విండోస్ తెరుచుకోకముందే యంత్రం అమరికలు మార్చుకునే బయోస్‌లోకి వెళ్లాం. భద్రత విభాగంలో ఒక మూల పీటీటీ అన్న వరుస, దాని ఎదురుగా 'డిజేబుల్డ్'. ఇంటెల్ తన టీపీఎంను పిలిచే పేరే అది. ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, సేవ్ చేసి బయటికొచ్చి మళ్లీ పరీక్షిస్తే అన్నీ పచ్చ టిక్కులే. ఆ ఒక్క వరుస చూడక, కొత్త కంప్యూటర్ కొనేదాకా వెళ్లేవాళ్లను తలచుకుంటే బాధేస్తుంది. ఒక హెచ్చరిక: డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని సమాచారాన్ని రహస్య సంకేతంగా మార్చి దాచే ఏర్పాటు) ఆన్‌లో ఉన్న యంత్రంలో బయోస్ మారిస్తే, తెరుచుకునేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. బయోస్‌లోకి వెళ్లకముందే దాన్ని కాగితం మీద రాసిపెట్టుకోండి.

11కు మారాక నచ్చకపోతే పది రోజుల్లోపు సెట్టింగ్స్ నుంచే 10కి తిరిగి వెళ్లవచ్చు. పాత వ్యవస్థ విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. డిస్కులో చోటు కోసమని దాన్ని తుడిచేస్తే వెనుదారి మూసుకుపోయినట్టే. స్టార్ట్ బటన్ మధ్యకు జరగడం చికాకనిపిస్తే సెట్టింగ్స్‌లో ఎడమకు తెచ్చుకోవచ్చు.

అర్హత లేని యంత్రంలోకి అడ్డదారిన 11ను ఎక్కించే చిట్కాలు చాలా తిరుగుతున్నాయి. పని చేస్తాయి కూడా. కానీ అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. అప్‌డేట్ల కోసమే మారుతున్నప్పుడు, వాటికే హామీ లేని చోటికి వెళ్లడం నాకు సమ్మతం కాదు.

అలాంటి యంత్రానికి నేను ఎంచుకున్నది లినక్స్ మింట్. విండోస్‌కు బదులుగా వాడుకునే ఉచిత వ్యవస్థ లినక్స్; దాని రకాల్లో ఒకటి మింట్. మా ఇంట్లో ఆరో తరం ప్రాసెసర్ ఉన్న డెస్క్‌టాప్‌ను ఎక్కువగా అమ్మే వాడుతుంది: మెయిల్, వీడియోలు, ఫొటోలు, అప్పుడప్పుడూ ఒక ఉత్తరం. మింట్‌ను పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించి, హార్డ్ డిస్క్‌ను ముట్టకుండా అక్కడి నుంచే నడిపి చూడవచ్చు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఆ మధ్యాహ్నం ఒక్కొక్కటీ పరీక్షించాం. వైఫై కలిసింది, శబ్దం వచ్చింది, ప్రింటర్‌ను తనంతట తానే గుర్తుపట్టింది. పాత స్కానర్ మాత్రం పలకలేదు. అమ్మ కాసేపు ఆలోచించి, "స్కాన్ ఫోన్‌తో చేసుకుంటున్నాను కదా, పరవాలేదు" అంది. ఆ తర్వాతే డిస్కులోకి ఎక్కించాను. మింట్ 22 శ్రేణికి 2029 దాకా మద్దతు ఉంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, వర్డ్, ఎక్సెల్‌లకు బదులుగా వాడుకునే లిబ్రేఆఫీస్ దానితోపాటే వస్తాయి.

అన్నయ్యకు మాత్రం మింట్ వద్దన్నాను. అతని పని నిండా మాక్రోలున్న (పనులను వాటంతట అవే చేసే చిన్న ప్రోగ్రాములున్న) ఎక్సెల్ ఫైళ్లు; లిబ్రేఆఫీస్ వాటిని తెరుస్తుంది గానీ మాక్రోలన్నీ సరిగా నడుస్తాయని చెప్పలేం. ఫొటోషాప్ మీద బతికేవాళ్లకూ, వాలరెంట్ లాంటి ఆటలాడే పిల్లలున్న ఇంటికీ అదే మాట. "నాకు ఏ ప్రోగ్రామ్ లేకపోతే పని ఆగిపోతుంది?" అన్నదానికి జవాబు ముందు రాసుకోండి. ఆ పేరు విండోస్‌లో తప్ప నడవనిదైతే లినక్స్ ప్రస్తావనే అక్కర్లేదు. జవాబు "బ్రౌజర్" అయితే, యంత్రం పాతదైతే, మింట్‌ను తప్పక చూడండి.

నెమ్మదితనం పోతుందని వ్యవస్థ మార్చాలనుకునేవాళ్లు ముందు డిస్కు చూసుకోవాలి. తిరిగే హార్డ్ డిస్క్ మీద 11 అయినా మింట్ అయినా ఈడుస్తూనే ఉంటుంది. దాని స్థానంలో తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ అనే వేగమైన డిస్కు పెడితే పాత యంత్రమే తేలికపడుతుంది.

ఏ దారి పట్టినా మొదటి పని బ్యాకప్. ఫొటోలు, పత్రాలు బయటి డిస్కులోకి తీసుకుని, ఆ డిస్కును ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, ఏవైనా నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. అన్నయ్య డిస్కులో ఒక ఫోల్డర్ ఖాళీగా తేలింది, కాపీ మధ్యలో ఆగిపోయిందన్నమాట. మళ్లీ కాపీ చేసి, అవన్నీ తెరుచుకున్నాయని చూశాకే అప్‌గ్రేడ్ బటన్ నొక్కాం.