జాగ్రత్త: ఉచితంగా వెళ్లే చర్చిలకు ‘ప్రవేశ రుసుము’ కట్టించుకుంటున్నారు, బట్టల నియమం మాత్రం చెప్పడం లేదు

తిరుపతి, చిత్తూరు నుంచి యూరప్ టూరు బుక్ చేసుకుంటున్నవారు అడ్వాన్సు కట్టేముందు కొటేషన్‌లో ‘చర్చిల ప్రవేశ రుసుము’ అన్న పద్దు ఉందేమో చూడండి. మాకు ఇచ్చిన కాగితంలో ఆ పద్దు కింద మనిషికి 9,000 రూపాయలు వేశారు. రోమ్ నగరం లోపలే ఉన్న వాటికన్‌లో సెయింట్ పీటర్స్ బసిలికా, ఫ్లోరెన్స్‌లో కెథడ్రల్, పారిస్‌లో నోత్ర్‌దామ్, ఈ మూడింటికీ కలిపి అన్నారు. ఈ మూడింటిలోనూ ప్రార్థనా మందిరంలోకి ప్రవేశం ఉచితం.

సెయింట్ పీటర్స్‌లో భద్రతా తనిఖీ కోసం వరుసలో నిలబడాలి, అంతే. గోపురం పైకి ఎక్కాలంటేనే డబ్బు. ఫ్లోరెన్స్‌లోనూ గోపురానికే టికెట్, 463 మెట్లు. అలిపిరి మెట్లెక్కే మనవాళ్లకు అదొక లెక్కలోది కాదు గానీ, సమయం ముందుగా బుక్ చేసుకోకపోతే ఎక్కనివ్వరు. నోత్ర్‌దామ్ 2019 ఏప్రిల్‌లో తగలబడి, 2024 డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది. రద్దీ తట్టుకోవడానికి ముందే సమయం ఎంచుకొనే వీలు కల్పించారు. చర్చివారి సొంత వెబ్‌సైట్‌లో ఆ బుకింగ్‌కు కూడా పైసా తీసుకోరు. డబ్బు అడిగారంటే మధ్యలో ఎవరో ఉన్నట్టే.

దర్శనం దళారులను నమ్మవద్దన్న హెచ్చరికలు వింటూ పెరిగిన ఊరు మనది. అయినా యూరో గుర్తు కనబడగానే ప్రశ్నలు అడగడం మానేస్తాం. ఆ ధైర్యంతోనే అలాంటి పద్దులు వేస్తారు.

డబ్బు సంగతి ఒక ఎత్తు. టూరుకు ముందు ఏజెన్సీవారు పంపిన ‘తెచ్చుకోవలసినవి’ జాబితాలో గొడుగు, ప్లగ్ అడాప్టర్, జ్వరం మాత్రలు, చివరికి పచ్చళ్లు ఎలా ప్యాక్ చేసుకోవాలో కూడా రాశారు. చర్చిలోకి ఏ బట్టలు వేసుకోవాలో ఒక్క ముక్క లేదు. సెయింట్ పీటర్స్ దగ్గర జులై ఎండలో వరుస చివరిదాకా వచ్చాక అక్కడి ఉద్యోగి మా వదిన భుజం వైపు వేలు చూపించి తల అడ్డంగా ఊపాడు. ఆమె వేసుకున్నది స్లీవ్‌లెస్ కుర్తీ. వాళ్ల అబ్బాయి మోకాళ్ల పైకి ఉండే షార్ట్స్‌లో ఉన్నాడు, వాడినీ ఆపారు. మా టూర్ మేనేజర్‌ను అడిగితే, “లోపలికి వెళ్లడం మీ ఇష్టం మేడమ్, మిమ్మల్ని ఇక్కడిదాకా తీసుకురావడమే మా పని” అన్నాడు.

బయట ఇలాంటివారి కోసమే చేతిమీద శాలువాలు వేసుకొని అమ్మేవాళ్లు తిరుగుతుంటారు. వదిన పది యూరోలు పెట్టి ఒకటి కొన్నది. తిరుపతి గాంధీ రోడ్డులో ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోని గుడ్డ అది. అంచు మడిచి కుట్టలేదు. ఒక మూల దారం చేతికి తగిలితే లాగింది, పోగు పోగూ వరుసగా ఊడి వచ్చింది. అదే కప్పుకొని లోపలికి వచ్చింది. అబ్బాయికి ప్యాంటు దొరకక అన్నయ్య, వాడు చౌకులోనే కూర్చున్నారు. లోపల ఉన్న పియెటా విగ్రహాన్ని, అంటే యేసు దేహాన్ని ఒడిలో పెట్టుకున్న మరియమ్మను మైకెలాంజిలో చెక్కినదాన్ని, వాళ్లు చూడనే లేదు. 1972లో ఒకడు సుత్తితో కొట్టి ముక్కలు రాల్చినప్పటి నుంచి దాన్ని అద్దం వెనకే ఉంచుతున్నారు. మనిషికి 9,000 తీసుకున్నవారు ‘భుజాలు, మోకాళ్లు కప్పుకోండి’ అన్న నాలుగు మాటలు రాయలేకపోయారు.

నియమం నిజానికి చాలా చిన్నది. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా భుజాలు, మోకాళ్లు కనబడకూడదు. మగవాళ్లు టోపీ తీయాలి. ఆడవాళ్లు తలమీద ముసుగు వేసుకోనక్కర్లేదు. చీర, చుడీదార్ నిక్షేపంగా పనికివస్తాయి. సంచిలో ఒక చున్నీ పడేసుకుంటే ఇంకా నిశ్చింత. మిలాన్ కెథడ్రల్‌లో, వెనిస్ సెయింట్ మార్క్స్‌లో కూడా ఇదే పద్ధతి. సెయింట్ మార్క్స్‌లోకి పెద్ద బ్యాగులు రానివ్వరు. ఆ రెండింటికీ మాత్రం టికెట్ ఉంది, కాబట్టి వాటికి డబ్బు అడిగితే అనుమానపడనక్కర్లేదు.

మన గుడి అలవాట్లతో వెళ్లేవారికి ఇంకొన్ని సంగతులు. అమ్మ మెట్ల దగ్గరే చెప్పులు విప్పబోయింది. అక్కడ ఆ అవసరం లేదు. గుమ్మం దగ్గర రాతి తొట్టిలో ఉండే నీళ్లు తీర్థం కాదు. క్రైస్తవులు వేళ్లు తడుపుకొని సిలువ గుర్తు వేసుకోవడానికి వాటిని ఉంచుతారు, తాగకూడదు. పూజ జరుగుతున్నప్పుడు గురువు (ఫాదర్) అప్పం అనే పలుచని రొట్టె బిళ్లలు పంచుతుంటే ప్రసాదం అనుకొని వరుసలో నిలబడవద్దు. అది దివ్యసత్ప్రసాదం, బాప్తిస్మం పొందిన కథోలికులకే ఇస్తారు. చూడటానికి వెళ్లినవారు వెనక బల్లల దగ్గర కదలకుండా కూర్చుంటే చాలు.

ఇక వాటికన్‌లోనే ఉన్న సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థనా మందిరం. ఏజెన్సీవారి కరపత్రం అట్టమీద ముద్రించింది దాని పైకప్పు బొమ్మే, మైకెలాంజిలో 1508 నుంచి 1512 వరకు వేసినది. తీరా మమ్మల్ని వాటికన్‌కు తీసుకెళ్లింది ఆదివారం. చాపెల్‌లోకి వాటికన్ మ్యూజియం గుండా, విడిగా టికెట్ తీసుకొని వెళ్లాలి. ఆ మ్యూజియం నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసే ఉంటుంది. ఈ సంగతి మాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. కరపత్రం మళ్లీ తీసి చూస్తే, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘వాటికన్: బయటి నుంచి సందర్శన’ అని ఉంది. కాబట్టి ఏ రోజు తీసుకెళతారో, లోపలికా బయటికా, టికెట్ ఎవరు తీస్తారో కాగితం మీద రాయించుకోండి. బుధవారం ఉదయం పోప్ ప్రజలను కలిసే కార్యక్రమం ఉంటే బసిలికాలోకి సందర్శకులను మధ్యాహ్నం వరకు అనుమతించకపోవచ్చు, అది కూడా అడగండి. చాపెల్ లోపల ఫోటోలు తీయకూడదు, మాట్లాడకూడదు.

దగ్గరి యాత్రలకూ ఈ జాగ్రత్త పనికివస్తుంది. గోవా బోమ్ జీసస్ బసిలికాకు, చెన్నై శాంథోమ్‌కు, వేళాంకణ్ణికి చర్చి ప్రవేశ రుసుము లేదు. ప్యాకేజీలో అలాంటి పద్దు కనబడితే కొట్టేయించండి.

తిరిగి వచ్చాక రసీదులు అడిగాం. ‘అన్నీ కలిపి కట్టేస్తాం, విడిగా ఉండవు’ అన్నారు. ఆ తరువాత, వచ్చే టూరులో ఆ మొత్తం తగ్గిస్తామన్నారు. వారితో మళ్లీ టూరు ఎవరికి కావాలి? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాం, తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. కొటేషన్, కరపత్రం, డబ్బు కట్టిన రసీదు, వాట్సాప్ సందేశాలు జతచేయాలి. వాట్సాప్‌లో వారు పంపినవి ‘అందరికీ తొలగించు’ నొక్కేలోగా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. మావి సగం అలాగే మాయమయ్యాయి.