పుట్టగొడుగుల యాప్, మూడు వానాకాలాల తర్వాత: ఆ శాతం అంకె మీదే నా కోపమంతా

ఫోటో తీస్తే పుట్టగొడుగు పేరు చెప్పే యాప్ ఒకటి డబ్బు కట్టి వాడుతున్నాను. ఇది మూడో వానాకాలం. ఎలా వేసుకోవాలి, కెమెరా ఎలా పెట్టాలి లాంటివి అందరికీ తెలిసినవే. యాప్ పేరు కావాలనే రాయడం లేదు. నేను చెప్పాలనుకున్నది ఒక్క విషయం: పేరు పక్కన ఆకుపచ్చ రంగులో పెద్దగా కనిపించే ఆ శాతం అంకె.

మొదటి ఏడాది అడిగిన వాళ్లకీ అడగని వాళ్లకీ ఈ యాప్ గురించి చెప్పాను. మాది రాజమండ్రి శివారు. వెనక పెరట్లో నాలుగు కొబ్బరి చెట్లు, కొట్టి పడేసిన మామిడి మొద్దు, ఎరువు గుంట ఉన్నాయి. తొలకరి పడితే చాలు, ఎక్కడో ఒకచోట గొడుగు లేస్తుంది. క్రోటన్ కుండీలో నిమ్మపండు రంగులో మొలిచిన దాన్ని చూపించగానే ల్యూకోకోప్రైనస్ బిర్న్‌బౌమీ అంది. మొక్కకు హాని లేదు, తినకూడదు అని కూడా చెప్పింది. మామిడి మొద్దు మీద చిన్న చిన్న విసనకర్రల్లా వచ్చిన వాటిని స్కైజోఫిల్లమ్ కమ్యూన్ అంది. తిప్పి చూస్తే కింది రేకుల అంచు నిజంగానే రెండుగా చీలి ఉంది. ఆ రోజు ఎంత సంబరపడ్డానో!

కిందటేడు శ్రావణంలో వరసగా మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు కొబ్బరి చెట్ల కింద గడ్డిలో అన్నం పళ్లేలంత తెల్ల గొడుగులు. పైన గోధుమరంగు పొలుసులు, కాడకి గాజులా ఒక వలయం. వేలితో తోస్తే పైకీ కిందకీ జరుగుతోంది. యాప్ తీశాను. మాక్రోలెపియోటా ప్రొసెరా, 94 శాతం, తినవచ్చు. నమ్మకం కుదరక ఇంకో రెండు వైపుల నుంచి తీశాను. 91, 96. మూడుసార్లూ అదే పేరు.

నాలుగు కోశాను. కరెంటు పోయింది కాబట్టి వండటం పొద్దున్న చూద్దామనుకుని కాడలు తీసేసి, బాబు డ్రాయింగ్ పుస్తకంలోంచి తెల్ల కాగితం చింపి గొడుగుల్ని దాని మీద బోర్లించాను. బల్లి పడకుండా పైన వెదురు బుట్ట మూశాను. అప్పటికి కింది రేకులు పాలలా తెల్లగా ఉన్నాయి, అది నాకు బాగా గుర్తు.

పొద్దున్న బుట్ట తీసి ఒక గొడుగు ఎత్తితే, కాగితం మీద బండి చక్రం ఆకుల్లా గీతలు గీతలుగా పొడి రాలి ఉంది. ఆకుపచ్చగా. ఎండబెట్టి దంచిన గోరింటాకు పొడి ఎలా ఉంటుందో అచ్చం అదే రంగు. వేలితో రాస్తే అంటుకుంది. నాలుగు గొడుగుల కిందా అంతే. నా కాళ్లలో వణుకు మొదలైంది.

అది బీజరేణువుల పొడి, అంటే పుట్టగొడుగు విత్తనాల్లా రాల్చేది. అప్పుడు కూర్చుని చదివితే తెలిసింది. మాక్రోలెపియోటా ప్రొసెరాకి రాలే పొడి తెలుపు. ఆకుపచ్చ పొడి రాల్చేది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. మనలాంటి వేడి ప్రాంతాల్లో వానలు పడ్డాక గడ్డిలో మామూలుగా మొలిచేదే. తింటే ఒకటి నుంచి మూడు గంటల్లో విపరీతమైన వాంతులు, విరేచనాలు. మా బాబుకి అప్పుడు ఐదేళ్లు.

యాప్ మళ్లీ తెరిచి కిందకి జరిపి చూశాను. క్లోరోఫిల్లమ్ పేరు రెండో స్థానంలో చిన్న అక్షరాల్లో ఉంది. అదే గుంపులో ముదిరి, రేకులు ఆకుపచ్చగా మారిన దాన్ని వెతికి ఫోటో తీస్తే వెంటనే సరైన పేరు చెప్పింది, 97 శాతంతో. ఒకే గుంపు, రెండు పేర్లు, రెండింటికీ ఒకే రకం ధీమా! ఆ అంకె చెప్పేది నా ఫోటో దాని దగ్గరున్న ఫోటోలకి ఎంత దగ్గరగా ఉందో మాత్రమే, తింటే ఏమవుతుందో కాదు. మరి దాని పక్కనే 'తినవచ్చు' అని ఎలా రాస్తారు? పొడి రంగు ఏమిటని ఒక్క ప్రశ్నయినా అడగదేం?

తర్వాత అత్తయ్య వచ్చారు. ఆవిడది రంపచోడవరం వైపు, చిన్నప్పటి నుంచీ పుట్టకొక్కులు ఏరిన మనిషి. గొడుగుని చూడనే లేదు, మొదట్లో మట్టిలోకి వేళ్లు పోనిచ్చారు. "దీనికి వేరు లేదమ్మాయ్. పుట్టకొక్కుకైతే వేరు చెదల గూటి దాకా దిగుతుంది, నెత్తిన ముక్కులా మొన ఉంటుంది" అన్నారు. నిజమే, టెర్మిటోమైసిస్ అనే ఈ జాతిని చెదలే భూమిలోపల పెంచుకుంటాయి. పైనుంచి తీసిన ఫోటోలో వేరు ఎలా కనిపిస్తుంది? ప్రాణం తీసే అమానిటా జాతి పుట్టగొడుగుల మొదట్లో ఉండే సంచి కూడా మట్టిలోనే ఉండిపోతుంది. వాటిలో కొన్ని తింటే ఆరు గంటలు దాటాక గానీ ఏమీ తెలియదు. ఆ విషం ఉడికించినా పోదు. వెండి నల్లబడితేనే విషం అనే మాట కూడా నమ్మొద్దు.

ఇప్పుడు ఆలోచిస్తే, కుండీలో పసుపు గొడుగునీ మొద్దు మీద విసనకర్రనీ ఒక్కసారి చూసిన వాళ్లెవరైనా గుర్తుపడతారు. ఎరువు గుంట పక్కన లేచే చిన్న గోధుమరంగు వాటికైతే మూడేళ్లలో ఆరు పేర్లు చెప్పింది.

అయినా తీసేయలేదు. బాబుకి పేర్లంటే ఇష్టం, వాడికి అదొక ఆట. పిల్లలు లేని ఇంట్లో, కేవలం చూసి ఆనందించే వాళ్లకి కట్టిన డబ్బుకి సరిపోతుందేమో. మా ఇంట్లో పెరట్లో మొలిచింది పొయ్యి మీదకి ఎక్కదు, అత్తయ్య ఉన్నప్పుడు ఆవిడ తవ్వి తీసింది తప్ప. ఆ తెల్ల కాగితం దాచాను. ఈ ఏడాది దాని పక్కన ఇంకో ఏడు కాగితాలు చేరాయి, ఒక్కోదాని మీద తేదీ, చెట్టు పేరు, పొడి రంగు రాసి ఉన్నాయి. రెండు తెలుపు, మూడు ముదురు గోధుమ, ఒకటి లేత గులాబి, మళ్లీ ఒకటి అదే గోరింటాకు పచ్చ.