తటస్థ రేవులో దెబ్బతిన్న యుద్ధనౌక: వెళ్లిపోవడమా, నిర్బంధమా?

డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఇరుకైన ఛానెల్ చూసిన విశాఖవాసికి, యుద్ధంలో లేని దేశపు రేవులో తలదాచుకున్న యుద్ధనౌక చిక్కు ఇట్టే అర్థమవుతుంది: రేవులోకి రావడం తేలికే, బయట శత్రువు కాచుకుని ఉంటే పోవడమే కష్టం.

మొదటి దారి, బాగుచేసుకుని వెళ్లడం. 1907 నాటి హేగ్ 13వ ఒప్పందం ప్రకారం, స్థానిక చట్టం వేరేగా చెప్పకపోతే తటస్థ రేవులో ఉండే గడువు 24 గంటలు. నౌక దెబ్బతిన్నా, వాతావరణం బాగోకపోయినా పొడిగిస్తారు. నీళ్లు రాకుండా చిల్లు పూడ్చుకోవచ్చు, పోరాట శక్తి మాత్రం పెంచుకోకూడదు. అంటే ఫిరంగి జోలికి పోకూడదు. శత్రుదేశపు వాణిజ్య నౌక రేవు వదిలితే, ఆ తర్వాత 24 గంటలదాకా యుద్ధనౌక కదలకూడదు. 1939 డిసెంబర్‌లో ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో జర్మన్ యుద్ధనౌక గ్రాఫ్ స్పీని ఆపడానికి బ్రిటిష్‌వారు ఈ నియమాన్నే వాడుకున్నారు. ఉరుగ్వే ఇచ్చింది 72 గంటలే. 17న కెప్టెన్ లాంగ్స్‌డార్ఫ్ నౌకను తానే పేల్చేశాడు.

రెండోది, యుద్ధం ముగిసేదాకా నిర్బంధం. నౌక పోరుకు దూరమవుతుంది, సిబ్బంది ప్రాణాలు దక్కుతాయి. బొగ్గు అడుగంటిన నౌకకు ఇదే మేలు, కానీ తటస్థ దేశపు కాపలా వెంటనే రావాలి. 1915 మార్చి 14న చిలీ జలాల్లో లంగరేసి ఉన్న జర్మన్ యుద్ధనౌక డ్రెస్డెన్‌పై బ్రిటిష్ క్రూజర్లు కాల్పులు జరిపాయి. చిలీకి బ్రిటన్ తర్వాత క్షమాపణ చెప్పింది, నౌక మాత్రం అప్పటికే మునిగిపోయింది.