ప్లాన్ గీసిచ్చే ఆఫీసుకు ఐదుకు నాలుగు మార్కులు

తిరుపతిలో ఇల్లు కట్టుకోవాలంటే మేస్త్రీ కంటే ముందు వెతుక్కోవాల్సింది ఎల్‌టీపీని, అంటే ప్లాన్లు గీసి దరఖాస్తు పెట్టే లైసెన్సు ఇంజినీరును. మేం పోయింది కరకంబాడి రోడ్డు వైపు, మేడ మీద ఒక చిన్న ఆఫీసుకు. పేరు రాయను, ఆ పక్క ఎవరినడిగినా చూపిస్తారు.

మాది 50 అంకణాల స్థలం. బయటి ఊరోళ్ల కోసం చెప్తున్నా: మా అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరోళ్ల అంకణం 72. మా ఆయన ఒకసారి ఈ తేడా తెలీకుండా నెల్లూరు బంధువులతో బేరాలు మాట్లాడి నవ్వులపాలైనాడు, అది వేరే కథ.

ఈ ఇంజినీరులో నాకు నచ్చిందేమంటే, కంప్యూటర్ ముందర కూర్చునే లోపలే టేపు పట్టుకోని సైటు కాడికి వచ్చినాడు. దస్తావేజులో వీధివైపు ముఖం 30 అడుగులు. కొలిస్తే అర అడుగు తగ్గింది. "ఏది తక్కువుంటే దాని మీదనే గీస్తానక్కా" అన్నాడు. వీధి కూడా కొలిచినాడు. రోడ్డు 9 మీటర్లు లేకపోతే వీధి నడిమధ్య నుంచి నాలుగున్నర మీటర్లు లెక్కగట్టి, అందులోకి వచ్చే మన జాగా వదిలి, అక్కడ నుంచి మళ్లీ సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ కట్టకుండా ఉంచే ఖాళీ, ఇడవాలంట. మా ఆయనకు ముఖం మాడిపోయింది. "మనం దుడ్లు పెట్టి కొన్న జాగా రోడ్డుకెందుకు సార్?" అనడిగితే, "రేపు మీ ఇంటికి అంబులెన్సు రావద్దా అన్నా?" అన్నాడు. ఆ మాటతో గొడవ ఆగింది.

మేం అంతకుముందు అడిగిన ఇంకో ఆయన దారి వేరే. "కాగితం మీద ఖాళీ చూపిద్దాం, కట్టేటప్పుడు గోడ జరుపుకోండి" అన్నాడు. ఇనడానికి బాగుంటుంది. ఆనక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు, అంటే ప్లాన్ ప్రకారం కట్టినారు, ఇంట్లో చేరొచ్చని ఇచ్చే కాగితానికి, పోయినప్పుడు ఆ గోడే అడ్డం తిరుగుతుంది. అసలు ప్లానే లేకుండా కట్టినోళ్లకు ఇంటి పన్ను నూటికి నూరు అదనంగా పడుతుంది.

కార్పొరేషన్లో ఏం చూస్తారో ఈయన వరసగా చెప్పినాడు. స్థలం మనదేనా: లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం), ఖాళీ స్థలం పన్ను రశీదు. లేఅవుట్‌కు అప్రూవల్ ఉందా: మాది పాతకాలం లేఅవుట్, లేదు. మేం పోయినప్పుడు అట్లాంటి ప్లాట్లకు స్థలం విలువలో 14 శాతం, పార్కులాంటి ఖాళీ స్థలం ఇడవనందుకు బదులుగా కట్టాల్సి ఉండె. పార్కుకు జాగా ఇడిచిపెట్టకుండా అమ్ముకున్నోడు ఎవడో, కట్టేది మేము. తర్వాత డ్రాయింగు. దాన్ని ముందు సాఫ్ట్‌వేరే చూస్తుంది. 2017 బిల్డింగ్ రూల్స్ ప్రకారం స్థలం ఎంత, ఎత్తెంత, రోడ్డెంత అని చూసి, పక్క ఖాళీ కొంచెం తగ్గినా తిప్పి పంపుతుంది. ఇంకుడు గుంత కూడా ప్లాన్లో కనిపించాల. ఎండాకాలం కొళాయి కాడ బిందెలతో నిలబడినోళ్లకు దాని విలువ వేరే చెప్పాల్నా. ఆనక వార్డు సచివాలయం నుంచి ప్లానింగ్ సెక్రటరీ వచ్చి సైటు చూసిపోతారు.

మా బావగారేమో "కార్పొరేటర్‌కు ఒక మాట చెప్తే అయిపోతుంది" అని ఒకటే పట్టు. ఇంటి ప్లాన్ కౌన్సిల్ ఓటుకు పోయేది కాదు, అనుమతిచ్చే అధికారం కమిషనర్‌ది. బావగారికి ఇది ఇప్పటికీ నమ్మకం కుదరలేదు.

ఒక మార్కు ఎందుకు తగ్గించినానంటే, డబ్బుల లెక్క. మొత్తానికి ఇంతవుతుందని నోటిమాటగా ఒకే అంకె చెప్పినాడు. అందులో తన ఫీజెంత, సర్కారుకు పోయేదెంత అనే వివరం లేదు. అప్పట్లో ఖర్చు 10 లక్షలు దాటితే పడే 1 శాతం లేబర్ సెస్సు (కట్టడం కూలీల సంక్షేమానికి పోయే పన్ను) సంగతి చలానా వచ్చినప్పుడే తెలిసింది. అది ఆయన జేబులోకి పోయేది కాదు, నిజమే. కానీ గృహప్రవేశానికని దాచిపెట్టిన దుడ్లు తీసి కట్టాల్సొచ్చింది కదా. మీరు పోతే మొదటిరోజే రెండు లెక్కలూ వేరువేరుగా కాగితం మీద రాయించుకోండి. అడిగితే రాసిస్తాడు, మా చెల్లెలికి రాసిచ్చినాడు.

పొద్దునపూట ఆఫీసులో దొరకడు, సైట్ల మీద ఉంటాడు. సాయంత్రం ఆరు దాటినాక పోండి, జిరాక్సులు రెండు సెట్లు తీసుకోని.