యూటా ఎడారి శిబిరంలో మా అబ్బాయి గడిపిన 70 రోజులు

చదువు వదిలేసి, గంజాయికి అలవాటుపడి, గది తలుపు వేసుకుని కూర్చున్న 16 ఏళ్ల మా అబ్బాయిని అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక ఆరుబయలు చికిత్సా శిబిరంలో పది వారాలు ఉంచాము. మా అమ్మగారు దాన్ని ఇప్పటికీ వనవాసమనే అంటారు. రోజుకు 560 డాలర్ల చొప్పున మొత్తం 39,200 డాలర్లు కాగా, బీమా సంస్థ థెరపిస్టు సంప్రదింపుల మేరకే చెల్లించింది.

తెల్లవారుజామున ఇద్దరు మనుషులు ఇంటికి వచ్చి పిల్లవాణ్ని నిద్రలేపి తీసుకువెళ్లే ఏర్పాటు కూడా ఉందని, దానికి విడిగా చెల్లించాలని నిర్వాహకులు చెప్పారు. మేము ఒప్పుకోక స్వయంగా కారులో తీసుకువెళ్లి దిగబెట్టాము. దారిపొడవునా వాడు నోరు విప్పలేదు గాని, ఎక్కడికి వెళుతున్నాడో తెలిసే వెళ్లాడు.

నార్త్ కరోలినాలో ఇలాంటి శిబిరంలోనే 2024 ఫిబ్రవరిలో 12 ఏళ్ల బాలుడు చేరిన మొదటి రాత్రే చనిపోయాడు. ఆ తరువాత ఆ రాష్ట్రం శిబిరం లైసెన్సును రద్దు చేసింది. అందుకే నేను అన్నిటికన్నా ముందు పిల్లలు పడుకునే చోటు గురించి అడిగాను. పైకప్పుగా టార్పాలిన్ మాత్రమే కడతామని, పారిపోకుండా రాత్రి బూట్లు తీసుకుంటామని, చాటుకు వెళ్లినవారు తిరిగి వచ్చేదాకా తమ పేరు గట్టిగా పలుకుతూ ఉండాలని దాపరికం లేకుండా చెప్పారు. ఆ చివరిది వినడానికే నాకు కష్టంగా అనిపించింది.

గైడ్ల పట్ల మాత్రం నాకు కృతజ్ఞతే ఉంది. వాడికి నిప్పు పుట్టించడం నేర్పింది వాళ్లే: సేజ్‌బ్రష్ అనే ఎడారి పొద బెరడును నలిపి పిట్టగూడులా చేసి, విల్లుకు కట్టిన తాడుతో పుల్లను తిప్పి పుట్టించిన రవ్వను అందులోకి జార్చి ఊదాలి. మూడు వారాలపాటు వాడికి పొగే తప్ప నిప్పు రాలేదట. మేము చూడబోయిన రోజున మా ముందే మంట వేసి, అరచేతుల్లోని కాయలు చూపించి నవ్వాడు.

ఫిర్యాదు ఆఫీసు మీద. వాడి ఉత్తరాలు థెరపిస్టు చదివాకే మాకు చేరేవి. ఫోను అడిగితే "ఇంకా సమయం కాలేదు" అనేవారు. కుటుంబంతో వారానికోసారి గోప్యంగా మాట్లాడే వీలు కల్పించాలని యూటా 2021లోనే చట్టం చేసిందని నేను ఈమెయిలు రాశాక, మర్నాడే ఫోను వచ్చింది. ఆరో వారంలో, వాడు ఇంటికి వస్తే పాత దారే పడతాడని, నేరుగా చికిత్సా బోర్డింగు స్కూలుకు పంపమని ఒత్తిడి మొదలుపెట్టారు. ఆ సలహా నిజంగా వాడిని చూసి ఇచ్చిందే అయితే, అదే వారం మరో ఇద్దరు తల్లిదండ్రులకు అక్షరం మారకుండా అదే ఎలా వెళ్లిందో నాకు అర్థం కాలేదు.

మేము ఇంటికే తెచ్చుకున్నాము. వాళ్లిచ్చిన ఫైలులో తిరిగి అప్పగించాల్సిన స్లీపింగ్ బ్యాగు, బూట్ల జాబితా వివరంగా ఉంది. మా ఊళ్లో వాణ్ని చూడగల కౌన్సెలర్ పేరు ఒక్కటీ లేదు. ఆ మనిషిని వెతుక్కోవడానికి మాకు మరో ఐదు వారాలు పట్టింది.