బేస్‌బాలా, ఫుట్‌బాలా? మా ఇంట్లో తెగని పంచాయితీ

టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే తెలుగువాళ్లకి ఒక చిక్కుంది. డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు (కాళ్లతో తన్నే సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) ప్రాక్టీస్ చేసే ‘ద స్టార్’ ఊళ్లోనే ఉంది. టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టుకి కుర్రాళ్లని తయారుచేసే రఫ్‌రైడర్స్ జట్టు మైదానమూ ఊళ్లోనే ఉంది. ‘నాకు ఆటల గోల పట్టదండీ’ అని తప్పించుకోవడం కష్టం, ఏదో ఒక టోపీ పెట్టుకోవాల్సిందే. నేను రేంజర్స్ టోపీ పెట్టుకున్నాను. మా ఆవిడ తమ్ముడు కౌబాయ్స్ నక్షత్రం పెట్టుకున్నాడు. ఆదివారం భోజనాలు అప్పట్నుంచీ ప్రశాంతంగా లేవు.

ముందే చెప్పేస్తున్నాను, బేస్‌బాలే మేలని నా పక్షం. వాడి వాదన కూడా రాస్తాను, లేకపోతే వచ్చే ఆదివారం రాడు.

క్రికెట్ చూసి పెరిగిన కంటికి బేస్‌బాల్ అరగంటలో అర్థమైపోతుంది. విసిరేవాడు, కొట్టేవాడు, గాల్లో పట్టుకుంటే అవుట్. కొట్టాల్సిన బంతిని కొట్టలేకపోతే స్ట్రైక్, మూడు స్ట్రైకులైతే ఇంటికి. ముగ్గురు అవుటైతే అవతలి జట్టు వంతు. వెనక్కీ పక్కలకీ పోయిన బంతికి (దాన్ని ఫౌల్ బాల్ అంటారు) పరుగులుండవు కాబట్టి మనవాళ్ల లేట్ కట్లు, లెగ్ గ్లాన్సులు ఇక్కడ దండగ.

నాన్న ఒంగోలు నుంచి వచ్చినప్పుడు రఫ్‌రైడర్స్ మ్యాచ్‌కి తీసుకెళ్లాను. జూలై సాయంత్రం, ఏడు దాటినా ఎండ మాడుతోంది. అవుట్‌ఫీల్డ్ వెనక నీళ్ల కాలవలో జనం ట్యూబుల మీద తేలుతూ మ్యాచ్ చూస్తున్నారు (నిజంగానే, ఆ మైదానంలో అదొకటి కట్టారు). నాన్న అడిగిన మొదటి ప్రశ్న, “ఓవర్లెన్నిరా?”

“ఓవర్లుండవు నాన్నా. ఇన్నింగ్స్ తొమ్మిది.”

“తొమ్మిదా! టెస్టుకే రెండు కదరా.”

ఇంతలో ఒక ఫౌల్ బాల్ గాల్లోకి లేచి మా వెనక వరసలో పడింది. ఒక పెద్దాయన దాన్ని ఏరి, నవ్వుతూ మా అమ్మాయి చేతిలో పెట్టాడు. నాన్న కంగారుపడిపోయారు. “తిరిగి విసిరేయమ్మా, పాపం ఆట ఆగిపోతుంది!” ఇక్కడ ప్రేక్షకుల్లోకి వచ్చిన బంతి దొరికినవాళ్లదే అని చెబితే ఆయన చాలాసేపు నమ్మలేదు. కుట్ల దగ్గర ఎర్రదారం, ఒక పక్క మట్టి మరక, ఆ బంతి ఇప్పటికీ మా టీవీ కింద ఉంది. ఫుట్‌బాల్‌లో ఈ ముచ్చటే లేదు. గోల్‌పోస్టుల వెనక వల కట్టి మరీ బంతిని ఆపుకుంటారు. ఆటగాడు సరదాపడి జనంలోకి విసిరితే జరిమానా.

ఇక ఫుట్‌బాల్. నాలుగు ఛాన్సుల్లో పది గజాలు ముందుకెళ్లాలి, వెళ్తే ఇంకో నాలుగు ఛాన్సులు, అంతే బావా అంటాడు వాడు. అంతే అయితే తప్పు జరిగిందంటూ రిఫరీ పసుపు గుడ్డ ఎందుకు విసిరాడో నాకు ఇన్నేళ్లయినా ఎందుకు అర్థం కాదు?

“హోల్డింగ్ బావా. వాడు వీణ్ణి పట్టుకున్నాడు.”

“అక్కడ అందరూ అందర్నీ పట్టుకునే ఉన్నారు కదరా!”

నా దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉండేది. వాల్‌స్ట్రీట్ జర్నల్ 2010లో గడియారం పెట్టి చూస్తే, మూడు గంటల పైచిలుకు ఫుట్‌బాల్ ప్రసారంలో బంతి నిజంగా ఆటలో ఉన్నది సుమారు 11 నిమిషాలు. మిగతాదంతా గుంపుగా నిలబడి గుసగుసలు, రీప్లేలు, ట్రక్కుల ప్రకటనలు. ఈ అస్త్రంతో రెండేళ్లు బతికాను. తర్వాత వాడు అదే పత్రిక 2013లో బేస్‌బాల్‌కి వేసిన లెక్క పట్టుకొచ్చాడు. సుమారు 18 నిమిషాలు. “ఏడు నిమిషాల కోసమా బావా ఇంత గొడవ?” అన్నాడు. పెరుగన్నం కలుపుకుంటూ కూర్చున్నాను, ఏం మాట్లాడతాను?

అయితే 2023 నుంచి బేస్‌బాల్‌లో పిచ్ క్లాక్ వచ్చింది. పరుగు కోసం బేసుల మీద ఎవరూ కాచుకుని లేకపోతే, పిచర్ (బంతి విసిరేవాడు) 15 సెకన్లలో బంతి విసరడం మొదలుపెట్టాలి. టోపీ సర్దుకోవడాలు, గ్లవుజులు విప్పి మళ్లీ బిగించడాలు తగ్గాయి. మూడు గంటలు దాటే ఆట ఆ ఏడాది సగటున 2 గంటల 40 నిమిషాలకి దిగింది. నిజం చెప్పాలంటే నాకు పాత నత్తనడకే ఇష్టం. కబుర్లు చెప్పుకోవడానికి వీలుగా ఉండేది.

డబ్బు సంగతి పెద్ద చర్చ కాదు. బేస్‌బాల్ జట్టుకి సీజన్‌లో 162 ఆటలు, సొంత మైదానంలోనే 81. ఫుట్‌బాల్‌కి మొత్తం 17, ఇంటి దగ్గర ఎనిమిదో తొమ్మిదో. ఏ టికెట్టు చవకో చెప్పక్కర్లేదు. “అందుకే మాకు ప్రతి మ్యాచ్ పండగ. మీది రోజూ వచ్చే సీరియల్” అని వాడి సమాధానం. ఆ మాట కొంత నిజమే. మ్యాచ్ రోజు ఆర్లింగ్టన్‌లో కౌబాయ్స్ స్టేడియం పార్కింగ్ చూస్తే జాతరే. వీడు ముందు రాత్రే చికెన్‌కి అల్లంవెల్లుల్లి, గుంటూరు కారం పట్టించి తీసుకెళ్తాడు. బొగ్గుల మీద వాసన లేచేసరికి పక్క ట్రక్కుల వాళ్లు పేపర్ ప్లేట్లతో వరస కడతారు. ఈ ఒక్క విషయంలో ఫుట్‌బాల్‌కి ఎదురు లేదు.

కథల్లోనూ వాళ్ల దగ్గర సరుకుంది. 1975 డిసెంబరు 28, మినెసోటా వైకింగ్స్‌తో ప్లేఆఫ్. అర నిమిషం మిగిలింది, కౌబాయ్స్ 14-10తో వెనకబడ్డారు. కౌబాయ్స్ ఆటగాడు రోజర్ స్టాబాక్ గుడ్డిగా ఒక్క విసురు విసిరాడు. అదే జట్టు డ్రూ పియర్సన్ పట్టుకుని గీత దాటాడు. మేరీమాతని తలుచుకుని విసిరానని స్టాబాక్ తర్వాత చెప్పడంతో, ఆఖరి క్షణపు గుడ్డి విసురుకి ‘హెయిల్ మేరీ’ అనే పేరు స్థిరపడింది. మా ఆఫీసులో రిలీజ్ ముందు రాత్రి జరిగే పనులన్నీ ఆ కోవలోవే.

కానీ అదంతా పాత వైభవం. కౌబాయ్స్ చివరిసారి సూపర్ బౌల్ (ఫుట్‌బాల్ ఫైనల్) గెలిచింది 1996 జనవరిలో. అప్పటికి హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ కూడా లేదు. ఏటా సెప్టెంబరు రాగానే వీడు ‘ఈసారి మనదే బావా’ అంటాడు. ఆ పాటే పాడే బెంగళూరు వాళ్లు కూడా 2025లో ఐపీఎల్ కప్పు కొట్టేశారు. ఇంకో ముచ్చట. వంద కోట్ల డాలర్లకి పైగా పోసి కట్టిన కౌబాయ్స్ స్టేడియంలో, ఫుట్‌బాల్ మ్యాచ్‌లప్పుడు పడమటి అద్దాలకి కర్టెన్లు వేయరు. 2024 నవంబరులో ఈగల్స్‌తో మ్యాచ్‌లో కౌబాయ్స్ ఆటగాడు సీడీ ల్యాంబ్ కళ్లలో ఎండ పడి బంతి కనబడక, రావాల్సిన టచ్‌డౌన్ (గీత దాటి తెచ్చే పాయింట్లు) పోయింది. మా అమ్మ అయితే పాత చీరైనా కట్టేది.

వాడూ తక్కువవాడు కాదు. 2011 ఎత్తుతాడు. బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో, కార్డినల్స్ మీద ఒక్క స్ట్రైక్ పడితే కప్పు రేంజర్స్‌ది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒకసారి, పదో ఇన్నింగ్స్‌లో ఇంకోసారి, రెండుసార్లూ చేజార్చుకున్నారు. అప్పటికి నేను అమెరికాలోనే లేను, అయినా ఆ వాత నాకే పెడతాడు. 2023లో కప్పు గెలిచాక ఆ మంట చల్లారింది. ఆ ప్లేఆఫ్స్‌లో బయటి మైదానాల్లో ఆడిన 11 ఆటలూ రేంజర్స్ గెలిచారని వాడికి నెలకోసారి గుర్తుచేస్తాను, మందు వేసినట్టు.

చివరిసారి గట్టిగా తగువుపడింది 2025 సెప్టెంబరు ఆఖరి ఆదివారం. కౌబాయ్స్, ప్యాకర్స్ అదనపు సమయం కూడా ఆడి 40-40 దగ్గర ఆగిపోయారు. నాకు చేతికి చిక్కాడనుకున్నాను. “ఇంతసేపు కుమ్ముకుని డ్రానా! బేస్‌బాల్‌లో అయితే తెల్లారినా సరే ఎవరో ఒకరు గెలిచేదాకా ఆడతారు” అన్నాను.

వాడు చిప్స్ గిన్నె దగ్గరికి లాక్కుని, వీడియో కాల్‌లో ఉన్న నాన్న వైపు తిరిగాడు. “చూశారా మావయ్యా. ఐదు రోజులు టెస్ట్ ఆడి డ్రా అయితే లేచి చప్పట్లు కొట్టినవాడు, నాకు డ్రా గురించి చెప్తున్నాడు.”

నాన్న కళ్లజోడు సవరించుకున్నారు. “అది పాయింటేరా” అన్నారు.